మా బస్తా మీది కొంగ

కావలిలో మా బియ్యం అమ్మే కిరాణా కొట్టు ఆయన 2023 వేసవిలో ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, "అన్నా, ఈ దఫా బస్తాల్లో కొత్త బియ్యం కలిపారా? అన్నం ముద్దవుతోందని ముగ్గురు బస్తాలు తెచ్చి పడేసి పోయారు" అని అడిగారు. కోత కోసి ఆరు నెలలు దాటని ధాన్యాన్ని ఆ బస్తాకు వాడకూడదన్నది మా నాయన పెట్టిన నియమం. ఆ నియమాన్ని మేము ఏనాడూ తప్పలేదు. కనుక ఆ మాట వినగానే నాకు కోపం కంటే ముందు భయం వేసింది. మిల్లులో ఎక్కడో ఎవరో పొరపాటు చేశారేమో అనుకుంటూ ఆ సాయంత్రమే కావలి వెళ్లాను. కొట్టు వెనక గోడకు ఆనించి నిలబెట్టిన మూడు బస్తాలను గుమ్మంలోంచి చూసినప్పుడు నేను కూడా అవి మావే అనుకున్నాను.

దగ్గరికి వెళ్లి చూస్తే మావి కావు. మా బస్తా మీద పచ్చని మడి, మడిలో ఒంటికాలి మీద నిలబడిన తెల్ల కొంగ, దాని చుట్టూ ఎర్రని వలయం, వలయం కింద పసుపు పట్టీలో మా బ్రాండు పేరు ఉంటాయి. ఆ బస్తాల మీద కూడా అదే పచ్చదనం, అదే మందాన ఎర్రని వలయం, అదే చోట పసుపు పట్టీ ఉన్నాయి. వలయం లోపల మాత్రం కొంగకు బదులు మెడ వంచిన తెల్ల హంస ఉంది. పట్టీలోని పేరు వేరు, మిల్లు వేరు, ఊరు వేరు. మా లారీ రెండు రోజులు ఆలస్యమైనప్పుడు ఆయన అక్కడి టోకు వ్యాపారి దగ్గర పది బస్తాలు తెప్పించుకున్నారట. సాయంత్రం బేరాల హడావుడిలో గుమస్తా వాటిని ఆటోలోంచి దించుకుని మా బస్తాల వరుసలోనే పేర్చాడు. పదిహేనేళ్లుగా మా బస్తాను చేత్తో ఎత్తి అమ్ముతున్న మనిషికి కూడా తేడా తెలియలేదు.

మా బ్రాండు పేరు గానీ ఆ మిల్లు పేరు గానీ నేను ఇక్కడ రాయను. వాళ్లతో మాకు రాతపూర్వకమైన ఒప్పందం కుదిరింది, దానిని గౌరవించాలి. నా బాధ మా గురించే. బియ్యమైనా, ఊరగాయలైనా, మిఠాయిలైనా, చిన్న వ్యాపారం చేసేవాళ్లం పేరు మీదే దృష్టి పెడతాము. కొనేవాళ్లు మాత్రం పేరు చదివి కొనరు, రూపం చూసి కొంటారు. ఆ రూపాన్ని మేము ముప్ఫై ఏళ్ల పాటు దిక్కూ మొక్కూ లేకుండా వదిలేశాము.

మా మిల్లు నెల్లూరు శివార్లలో ఉంది. కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు రైతుల దగ్గర ధాన్యం పుట్టి లెక్కన, అంటే 850 కిలోల లెక్కన, కొంటాము. 1994కు ముందు మా బియ్యం గోనె సంచుల్లో, మిల్లు పేరు మాత్రమే నల్ల సిరాతో అచ్చు కొట్టి వెళ్లేది. ఆ సంవత్సరం మా నాయన సొంత బస్తా తేవాలనుకుని, ఊళ్లో దుకాణాల బోర్డులు రాసే ఒక చిత్రకారుడిని పిలిచి బొమ్మ వేయమన్నారు. ఆయన మిల్లు వెనక మడిలో రోజూ వాలే కొంగనే చూసి బొమ్మ వేశారు. చుట్టూ ఎర్ర వలయం దూరానికి కనబడాలని మా నాయన అడిగి వేయించినది. పేరు ఆ తరువాత, ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకున్నది.

ఆ పేరుతో మా బియ్యం అడిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఆత్మకూరులోనైనా, పొదలకూరులోనైనా ఇల్లాలు కొట్టుకు వచ్చి "కొంగ బస్తా ఒకటి వేయించు నాయనా" అంటుంది. చెన్నై దగ్గర రెడ్ హిల్స్ మార్కెట్‌కు సరుకు పంపితే అక్కడి వర్తకులు దానినే "కొక్కు మూట" అంటారు. కొక్కు అంటే తమిళంలో కొంగ. తెలుగు అక్షరాలతో రాసిన మా పేరును వాళ్లు చదవలేరు, చదవాల్సిన అవసరమూ వాళ్లకు పడలేదు. రెండు భాషల్లో మా సరుకుకు పేరు పెట్టింది ఆ బొమ్మే. ఇది మాకు రోజూ వినబడుతున్న సంగతే అయినా, దాని అర్థం కావలి కొట్టులో ఆ హంసను చూసేదాకా మాకు తలకెక్కలేదు.

ఇంకొక తప్పు 2017 నాటిది. ఆ ఏడాది జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు, రిజిస్టరైన బ్రాండు పేరుతో సంచుల్లో అమ్మే బియ్యానికి 5 శాతం పన్ను వేశారు, బ్రాండు లేని బియ్యానికి వేయలేదు. పన్ను తప్పించుకోవడానికి కొందరు రిజిస్ట్రేషన్లు రద్దు చేయించుకోవడం మొదలుపెట్టేసరికి, 2017 మే 15 నాటికి రిజిస్టరులో ఉన్న పేరును తరువాత తీసేసినా పన్ను తప్పదని సెప్టెంబరులో ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. రిజిస్టరు కాకపోయినా కోర్టులో హక్కు అడగగలిగిన పేరు ఉంటే దానికీ పన్ను పడుతుందని అందులోనే చెప్పింది. అయితే ఆ పేరు మీద తన హక్కును స్వచ్ఛందంగా వదులుకుంటున్నానని యజమాని పన్నుల అధికారికి అఫిడవిట్ ఇచ్చి, ఆ సంగతిని ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ చెరిగిపోని సిరాతో ప్రతి సంచి మీదా అచ్చు వేస్తే మినహాయింపు దొరికేది.

మా పేరు అప్పటికి రిజిస్టరు కాలేదు. వెయ్యి రూపాయల బస్తాకు 50 రూపాయలు తేడా వస్తే కొట్లవాళ్లు మమ్మల్ని వదిలి పక్క మిల్లుకు పోతారన్న భయంతో చుట్టుపక్కల చాలామంది చేసినట్టే మేమూ అఫిడవిట్ ఇచ్చాము. కొంగ కాళ్ల కింద, పసుపు పట్టీకి దిగువన, ఈ పేరు మీద మాకు హక్కు లేదని మా బస్తా మీద మేమే అచ్చు వేయించుకున్నాము. ఆ రోజు మా నాయన అచ్చు చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు. 2022 జూలై 18 నుంచి పన్నుకు బ్రాండుతో సంబంధం తెగిపోయి, 25 కిలోలు, అంతకు తక్కువ తూకంలో ముందే కట్టి లేబుల్ వేసిన బియ్యమంతటికీ 5 శాతం వచ్చింది. మార్కెట్లో 26 కిలోల బస్తాలు పుట్టుకొచ్చింది అందుకే. హక్కు వదులుకోవలసిన కారణం పోయిన తరువాత కూడా మేము ఆ వాక్యాన్ని బస్తా మీదినుంచి తీయించడానికి ఏడాది తాత్సారం చేశాము. ఆ ఏడాదిలోనే హంస వచ్చింది.

నెల్లూరులో మేము కలిసిన వకీలు గారు రెండు బస్తాలనూ చూసి మొదట చెప్పిన మాట, వాటిని పక్కపక్కన పెట్టవద్దని. ఒకటి చూపించి, దాచి, కాసేపు వేరే సంగతులు మాట్లాడి, తరువాత రెండోది చూపించారు. కోర్టు చూసేది కూడా ఇలాగేనని చెప్పి, 1972లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన పార్లే కంపెనీ దావా గురించి వివరించారు. పార్లే వారి గ్లూకో బిస్కెట్ల కాగితం మీద పల్లెటూరి పెరడు, మధ్యలో నీళ్ల బాల్చీ పట్టుకున్న అమ్మాయి, చుట్టూ ఆవులు, కోళ్లు, వెనక ఇల్లు, చెట్లు ఉండేవి. మైసూరులోని పోటీ కంపెనీ కాగితం మీద కూడా ఒక అమ్మాయి ఉంది, కానీ ఆమె నెత్తిన గడ్డిమోపు, చేతిలో కొడవలి ఉన్నాయి; ఆవులు, కోళ్లు కూడా వేరే తీరున ఉన్నాయి. ఈ తేడాలన్నీ లెక్కపెట్టి కింది కోర్టు, హైకోర్టు పార్లే దావాను కొట్టేశాయి. సుప్రీంకోర్టు ఆ తీర్పులను తిరగేసింది. కాగితాల పరిమాణం, రంగుల పొందిక, బొమ్మ మొత్తం కలిగించే భావన దాదాపు ఒకటేనని, ఒకటి చూసిన కొద్ది రోజులకు రెండోది చూసిన మనిషి పొరపడటం సహజమని, తేడాలు ఏరడానికి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకూడదని చెప్పింది. గడ్డిమోపు ఎత్తుకున్న ఆ అమ్మాయి కథ వింటున్నంతసేపూ నాకు మెడ వంచిన హంసే కళ్ల ముందు కనబడింది.

1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులో ఉంది. అందులో గుర్తు అన్న మాటకు అర్థం పేరుతో ఆగలేదు. బొమ్మ, లేబుల్, సరుకు ఆకారం, కట్టిన సంచి లేదా డబ్బా తీరు, రంగుల కలయిక అన్నీ అందులోకి వస్తాయి. రిజిస్టరైన గుర్తును ఎవరైనా అనుకరిస్తే చట్టం నేరుగా అడ్డు నిలుస్తుంది. రిజిస్టరు కాని గుర్తుకు దారి వేరు. ఒకరి సరుకును మరొకరి సరుకుగా చలామణి చేయడాన్ని న్యాయ పరిభాషలో పాసింగ్ ఆఫ్ అంటారు, దాని మీద దావా వేసుకోవచ్చు. కానీ అప్పుడు మన రూపానికి బజారులో పేరుందని, ఎదుటివారి రూపం జనాన్ని పొరపాటు పడేలా చేస్తోందని, దానివల్ల మనకు నష్టం జరుగుతోందని మూడింటినీ మనమే నిరూపించుకోవాలి. ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. రిజిస్టరైన గుర్తును అతిక్రమిస్తే మనం వ్యాపారం చేసే ఊళ్లోనే, జిల్లా కోర్టుకు తగ్గని కోర్టులో దావా వేసే వెసులుబాటు చట్టం ఇచ్చింది. రిజిస్టరు కానప్పుడు ఎదుటివారు ఉన్న చోటికో, మోసం జరిగిన చోటికో వెళ్లాలి. ఆ మిల్లు పక్క జిల్లాలో ఉన్నా, బస్తాలు కావలిలో అమ్ముడుపోవడం ఈ విషయంలో మాకు కలిసివచ్చింది.

అలాగని బస్తా మీద ఉన్నదంతా మాదే అనుకోవడం తప్పు. బియ్యం రకాన్ని చెప్పే సోనా మసూరి అన్న మాట, ఊరిని చెప్పే నెల్లూరు అన్న మాట, వరి కంకి బొమ్మ, ఇవి అందరివీ. సరుకు రకాన్నో, నాణ్యతనో, పుట్టిన చోటునో చెప్పే మాటలను ఒక్కరికి రాసివ్వడానికి చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ఒక ప్రాంతపు సరుకుకు ప్రాంతమంతటి తరఫున రక్షణ కావాలంటే దానికి భౌగోళిక గుర్తింపు అనే వేరే చట్టం ఉంది. మా వైపు ఉదయగిరి చెక్క గరిటెలకు, వెంకటగిరి చీరలకు ఆ గుర్తింపు దక్కింది. పచ్చ రంగు మీద గానీ, తెల్ల పక్షి మీద గానీ మాకు విడిగా హక్కు లేదు. ఆ పచ్చదనంలో, ఆ వలయంలో, ఆ పట్టీ పైన, ఆ పక్షి ఉన్న కూర్పు మీద మాత్రమే మేము హక్కు అడగగలము. ఇది మనసులో స్పష్టంగా ఉంటేనే ఎదుటివారికి పంపే నోటీసు నిలుస్తుంది. ఆధారం లేకుండా బెదిరిస్తే ఎదుటివారే మన మీద దావా వేయడానికి కూడా చట్టంలో వీలుంది.

రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు ఉన్న బలమంతా ముందు నుంచి వాడుకలో ఉండటమే. తిరునెల్వేలిలో ఇరుట్టుకడై హల్వా దుకాణం, అంటే చీకటి కొట్టు, అందరికీ తెలిసినదే. ఆ పేరును మరొకరు కాస్త మార్చి రిజిస్టరు కూడా చేయించుకుంటే, 2015లో సుప్రీంకోర్టు ముందు నుంచి వాడుతున్నవారి పక్షానే నిలిచింది. రిజిస్ట్రేషన్ కాగితం ముందునాటి వాడుకను తుడిచిపెట్టలేదు. అయితే ఆ వాడుకకు కాగితం ఉండాలి. మేము అటకెక్కి వెతికితే 1996 నాటి సంచుల అచ్చు బిల్లు ఒకటి, 2001లో రెడ్ హిల్స్ వర్తకుడు రాసిన ఇన్‌లాండ్ లెటరు ఒకటి, మా అక్క పెళ్లి ఫోటోలో వంటశాల మూల పేర్చిన కొంగ బస్తాల వరుస దొరికాయి. ఆ ఫోటోను వకీలు గారు అన్నింటికంటే ఎక్కువసేపు చూశారు. 1994, 1995 బిల్లులు చెదలు తినేశాయి. అచ్చు బిల్లులు, ఇన్‌వాయిస్‌లు, ప్రకటనల ఖర్చు, కొట్లలో పేర్చిన సరుకు ఫోటోలు ఏటేటా ఒక ఫైలులో పెట్టుకున్నవారికి ఇలా అటకలు దులపాల్సిన పని పడదు.

మా వకీలు గారు ఆ మిల్లుకు పంపిన నోటీసుకు జవాబు వచ్చింది. హంస వేరు, కొంగ వేరు అన్నారు. పక్షి బొమ్మ ఎవరి సొత్తూ కాదన్నారు. మూడో మాటగా, మీ హక్కును మీరే వదులుకున్నట్టు మీ బస్తా మీదే అచ్చు వేసుకున్నారు కదా అన్నారు. మొదటి రెండింటికి జవాబు పార్లే తీర్పులో ఉంది. మూడో మాట చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ అఫిడవిట్ పేరుకు సంబంధించినదే తప్ప బొమ్మకు, రంగుల కూర్పుకు సంబంధించినది కాదని మా వకీలు గారు తిరుగు జవాబు రాశారు. కోర్టు ఏ వాదనను ఒప్పుకునేదో తేలే అవసరం రాలేదు. కావలి కొట్టు ఆయన, బస్తాలు వాపసు తెచ్చిన ముగ్గురిలో ఇద్దరు తాము ఎలా పొరపడ్డారో రాసి సంతకాలు చేసి ఇచ్చిన తరువాత అవతలివాళ్లు మెత్తబడ్డారు. ఇరువర్గాలకూ తెలిసిన ఒక పెద్దమనిషి సమక్షంలో కూర్చున్నాము.

వలయం, హంస తీసేసి కొత్త బస్తా వేసుకుంటామని, అచ్చు బ్లాకులు మా ఎదుట పాడుచేస్తామని ఒప్పుకున్నారు. చిక్కంతా అప్పటికే అచ్చయిన ఎనిమిది వేల ఖాళీ సంచుల దగ్గర వచ్చింది. అవి అయిపోయేదాకా వాడుకోనివ్వమని అడిగారు. అంటే మరో ఎనిమిది వేల ఇళ్లలో మా కొంగ మీద నమ్మకం ముద్దన్నంతో పాటు పోతుందన్నమాట, దానికి నేను ఒప్పుకోలేదు. చివరకు మా నాయన కల్పించుకుని, ఆ సంచులను అచ్చు ఖర్చులో సగానికి మేమే కొంటామన్నారు. మా వకీలు గారికి అది అస్సలు నచ్చలేదు. తప్పు చేసినవాళ్లకు డబ్బు ఎదురిచ్చినట్టు అవుతుందన్నారు. ఆయన మాట న్యాయమే. అయినా ఆ సంచులు మా మిల్లు ఆవరణలో నిలువునా చీలికలైన రోజున నేను ఆ డబ్బు గురించి ఆలోచించలేదు.

ఆ తరువాత చేయవలసినవన్నీ వరుసగా చేశాము. బొమ్మతో కూడిన లేబుల్‌కు 30వ తరగతిలో, అంటే బియ్యం వచ్చే తరగతిలో, చెన్నైలోని ట్రేడ్‌మార్కుల కార్యాలయం పరిధిలో ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేశాము. మన రాష్ట్రం ఆ కార్యాలయం కిందికే వస్తుంది. వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్ రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, మిగిలినవారికి 9,000 రూపాయలు. రంగులకే పరిమితం కాకుండా రిజిస్టరైన గుర్తుకు అన్ని రంగుల్లోనూ రక్షణ ఉంటుంది కనుక, రేపు ఎవరైనా ఇదే బొమ్మను నీలంలో వేసినా అడ్డుకోవడానికి నలుపు తెలుపుల్లో ఒక దరఖాస్తు, మా రంగుల కూర్పును పట్టి నిలపడానికి రంగుల్లో ఇంకొకటి వేశాము. పేరుకు వేరుగా మూడోది. ముందునాటి వాడుక చెప్పుకోవడానికి అఫిడవిట్, దానికి జతగా ఆ పాత బిల్లులు పెట్టాము. పరీక్షించిన అధికారి అభ్యంతరాలు తెలిపితే నెల రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ గడువు దాటనిచ్చి దరఖాస్తులు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. రిజిస్ట్రేషన్ పదేళ్లు ఉంటుంది, పదేసి ఏళ్లకు పొడిగించుకుంటూ పోవచ్చు.

బొమ్మ గీసిన చిత్రకారుడు ఇప్పుడు చాలా పెద్దవారు. లేబుల్ మీది చిత్రానికి కాపీరైటు కూడా ఉంటుంది, దాని బదిలీ రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. మా నాయన 1994లో డబ్బు ఇచ్చారు గానీ కాగితం రాయించుకోలేదు. నేను వెళ్లి సంగతి చెబితే ఆయన నవ్వి, "ఆ కొంగ మీదే కదబ్బయ్యా" అంటూ సంతకం చేశారు. మేము బలవంతంగా ఇచ్చిన పైకాన్ని మాత్రం వాళ్ల అబ్బాయి చేతిలో పెట్టాల్సి వచ్చింది.

చట్టం కంటే ముందు ఆపగలిగినవి కొన్ని మా చేతుల్లోనే ఉన్నాయి. సంచులు అచ్చు వేసేవారి దగ్గర మా బ్లాకులు ఏళ్ల తరబడి పడి ఉండేవి. మరో మిల్లు వచ్చి ఇలాంటిదే కావాలంటే, రంగుల పాళ్లతో సహా సిద్ధంగా ఉండేవి. ఇప్పుడు బ్లాకులు మా సొత్తని, పని అయిపోగానే తిరిగి ఇవ్వాలని, అదనంగా ఒక్క సంచి కూడా వేయకూడదని రాయించుకుంటున్నాము. ఖాళీ సంచుల బెడద ఇంకా పెద్దది. హోటళ్లు, హాస్టళ్లు అమ్మేసిన మా సంచుల్లోనే వేరే బియ్యం నింపి కుట్టేస్తే, అది కొంగను దించిన బొమ్మ కూడా కాదు, మా కొంగే. అందుకని పెద్ద ఖాతాల దగ్గర ఖాళీ సంచులను మేమే వెనక్కి కొంటున్నాము, మూతి కుట్టే దారం రంగులను లోడు లోడుకూ మార్చి కొట్లవాళ్లకు ఫోన్‌లో చెబుతున్నాము.

నకిలీ గుర్తు వాడటం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడే నేరం. డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి సోదా చేసి సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. మేము ఆ దారి తొక్కలేదు. ఇదే చట్టంలో మనకూ ఒక హెచ్చరిక ఉంది: రిజిస్ట్రేషన్ రాకముందే, రిజిస్టరైందని చెప్పే ఆర్ అక్షరాన్ని వలయంలో వేసుకోవడం కూడా జరిమానా పడే తప్పే. దరఖాస్తు వేసిన మర్నాడే ఆ అక్షరం వేసేసుకున్న బస్తాలు మా బజారులో ఎన్నో చూస్తున్నాను. అంతవరకు టీఎం అన్న రెండు అక్షరాలు వేసుకుంటే సరిపోతుంది.

ట్రేడ్‌మార్కుల జర్నల్ ప్రతి సోమవారం వెలువడుతుంది. అందులో ప్రకటించిన గుర్తు మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే నాలుగు నెలల్లోగా చెప్పాలి, ఆ తరువాత దానిని తీయించడం చాలా కష్టం. అందుకని సోమవారం రాత్రి మిల్లు కట్టేసి వచ్చాక 30వ తరగతి పుటలు ఒక్కొక్కటే తిరగేస్తాను. పక్కన మా నాయన కూర్చుంటారు. కిందటి నెలలో ఎర్ర వలయం ఉన్న బియ్యం లేబుల్ ఒకటి కనబడితే ఇద్దరం ఒక్కసారి ఉలిక్కిపడ్డాము. వలయం సన్నగా ఉంది, లోపల నెమలి ఉంది, నేల నీలం, పేరు వలయం పైన వంపుగా ఉంది. నేను వకీలు గారికి పంపుదామని ఫోన్ అందుకునేలోపే మా నాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "వద్దులేరా, అది వాళ్ల నెమలే" అన్నారు.